మూడు వందల అడుగులు

"ఇంకోసారి కొలవండి," అంది ఆర్లిస్.

"మూడుసార్లు కొలిచానండీ. కొట్టం నుంచి ఆ చక్రాల ఇంటికి రెండు వందల అరవై రెండు అడుగులు. ఇంకోసారి కొలిస్తే మాత్రం పెరుగుతుందా?" టామ్రా టేపు చుట్టి కోటు జేబులో పడేసుకుంది.

ఇద్దరూ వంటగది బల్లకి చెరో పక్కన నిలబడే ఉన్నారు. కప్పుల్లో కాఫీ పోసి పావుగంటయింది. ఎవరూ ముట్టుకోలేదు. బయట కొట్టంలో డ్రయ్యర్లు హోరుమంటున్నాయి. నలభై ఏళ్లు ఆవులున్న కొట్టం అది. ఇప్పుడు దాని దూలాలకి హెంప్ మొక్కలు, మత్తులేని గంజాయి జాతివి, తలకిందులుగా వేలాడుతున్నాయి.

"అది ఇల్లు కాదు టామ్రా. మా అత్తగారు పోయాక పన్నెండేళ్లుగా పాడుబడి ఉన్న చక్రాల డబ్బా. ఎలకలు తప్ప..."

"ఎలకలు పొయ్యి రాజేసుకోవు కదండీ. గొట్టంలోంచి పొగొస్తోంది. కమ్మీ మీద చొక్కాలు ఆరేసి ఉన్నాయి. సోమవారం మా ఆఫీసుకి కరెంటు కనెక్షన్ కోసం దరఖాస్తు వచ్చింది. సంతకం డెల్మర్ ట్వైటన్ అని ఉంది. మీ ఆయనేగా?"

"మా ఆయనే."

ఆ రెండు మాటలూ అన్నాక ఆర్లిస్ కుర్చీ వీపు పట్టుకుంది. నెమ్మదిగా కూర్చుంది.

టామ్రా కౌంటీ భూవినియోగ శాఖలో చేరి మూడేళ్లు. ముప్ఫై దాటని పిల్ల. వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పాలు పోసినవాడే. అందుకే ఆమె గొంతులో అధికారం ఎంత ఉందో మొహమాటమూ అంతే ఉంది.

"మీ పొలంలో పండింది మీ కొట్టంలో ఆరబెట్టుకుంటే అది వ్యవసాయం. నేను గేటు దగ్గరికి కూడా రాను. పక్కవాళ్ల పంట తెచ్చి ఆరబెడితే ప్రాసెసింగ్ కింద లెక్క. దానికి పర్మిట్ కావాలి. పక్క స్థలంలో మనుషులుండే ఇల్లు మూడు వందల అడుగుల లోపు ఉండకూడదు. ఏప్రిల్లో మీకు పర్మిట్ ఇచ్చినప్పుడు అక్కడ ఎవరూ లేరు."

"పక్క స్థలమేమిటి? ఆ నాలుగెకరాలూ మావేగా?"

"ఆయన ఒక్కరి పేరున ఉన్నాయండీ. వాళ్లమ్మగారు రాసిచ్చింది. కాగితాల ప్రకారం..." టామ్రా కళ్లు దించుకుంది. "కాగితాల ప్రకారం ఆయన మీ పొరుగువారు."

ఆర్లిస్ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఐదు వారాల కిందట, డ్రయ్యర్లు మొదటిసారి తిరిగిన రోజు మధ్యాహ్నం, డెల్మర్ దుప్పటి ఒకటి చంకన పెట్టుకుని పొలానికి అడ్డంపడి నడిచి వెళ్లిపోయాడు. ఒక మాట అనలేదు. తలుపైనా గట్టిగా వెయ్యలేదు. వేసి ఉంటే బాగుండేదని ఆమెకి చాలాసార్లు అనిపించింది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"రెండే దారులు. ఆయన అక్కడ ఉండటం మానెయ్యాలి. లేదంటే, నా ఇంటి పక్కన ఈ పని జరిగితే నాకు అభ్యంతరం లేదని ఈ కాగితం మీద సంతకం పెట్టాలి. రేపు పొద్దున్నే కమిటీ కూర్చుంటోంది. ఫైలు ఇవాళ నాలుగున్నరకి మూసేస్తారు. అందులో ఈ కాగితం లేకపోతే బయటి పంట ఒక్క కట్ట కూడా మీ కొట్టంలోకి రాకూడదు."

"పక్క పొలం యెర్ ఇవాళ తన హెంప్ కోస్తోంది."

"ఆపమని చెప్పండి."

"తెల్లవారుజాము నుంచీ కోస్తోంది," అంది ఆర్లిస్.

టామ్రా కాగితాన్ని చల్లారిపోయిన కాఫీ కప్పు పక్కన పెట్టింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "నాకూ ఇష్టమై చెయ్యట్లేదండీ," అంది. ఆర్లిస్ తలూపింది. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోవాలని చూసింది. దానికీ ఓపిక లేకపోయింది.

*

మధ్యాహ్నం రెండు దాటాక యెర్ ట్రక్కు గేటు ముందుకొచ్చి రెండుసార్లు హారన్ కొట్టింది.

"ఆంటీ! తియ్యి గేటు! సగం పొలం ఎక్కించుకొచ్చా!"

యెర్‌కి నలభై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, చురుకైన చేతులు. వాళ్లది మోంగ్ కుటుంబం. తల్లిదండ్రులు లావోస్ కొండల్లోంచి వచ్చి ఇక్కడ కూరగాయలు పండించి పిల్లల్ని పెంచారు. ఈ ఏడు యెర్ దోసకాయలు మానేసి ఐదెకరాల్లో హెంప్ వేసింది. ఆర్లిస్ కొట్టం ఉందన్న ధైర్యంతోనే వేసింది.

గేటు తీయకుండానే ఆర్లిస్ విషయం చెప్పింది. యెర్ ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నది. విన్నాక దిగి, ట్రక్కు వెనక్కి వెళ్లి, పచ్చటి మోపుల మధ్యకి మోచేతి దాకా చెయ్యి దూర్చింది.

"లోపల వేడెక్కుతోంది ఆంటీ. సాయంత్రానికి చెమ్మ దిగుతుంది. రేపటికి బూజే."

"తెలుసు."

"తిరిగి పొలంలో నాటలేను కదా."

"తెలుసు యెర్."

ఆర్లిస్ పొలం అవతలికి చూసింది. దూరంగా, చక్రాల ఇంటి గొట్టంలోంచి సన్నగా పొగ లేస్తోంది.

"అంకుల్‌ని నేనడగనా?" అంది యెర్. "నాకు ఆయనంటే భయం లేదు. కుదరదంటే మా అమ్మని పంపిస్తా. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆయన కాదన్నా ఆవిడకి అర్థం కాదు, అక్కడే కూచుంటుంది."

ఆర్లిస్ ఈసారి నిజంగానే నవ్వింది. "మీ అమ్మకి ఈ మొక్కంటే గౌరవం లేదుగా."

"ఎక్కడిది! 'మా ఊళ్లో ఇదే మొక్క ఇంటి చూరంత పెరిగేది, నార తీసి లంగాలు నేసుకునేవాళ్లం. ఈ పొట్టి చెట్టులో నారేముంటుంది, మేకలకి వెయ్యి' అంటుంది." యెర్ చేతికంటిన జిగురు ప్యాంటుకి తుడుచుకుంది. "అంకుల్ మంచోడే ఆంటీ. పోయిన వారం రోడ్డు మీద నేను చెయ్యూపితే ఆయనా ఊపాడు."

ఆర్లిస్ నవ్వు ఆగిపోయింది. "ఊపాడా?"

"ఆఁ. టోపీ కూడా తీశాడు."

ఐదు వారాల్లో డెల్మర్ రెండుసార్లు ఆమె కారుకి ఎదురుపడ్డాడు. రెండుసార్లూ కాలవ వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"నేనే వెళ్తాను," అంది ఆర్లిస్. "నువ్వు బండి నీడలో పెట్టి, మోపులు విప్పి గాలి తగలనియ్యి. కొట్టంలోకి మాత్రం ఒక్క ఆకు కూడా తీసుకెళ్లకు."

*

ఆ దారిలో ఆమె ఇన్నాళ్లూ నడవలేదు. వంటగది కిటికీలోంచి చూడటం వరకే. పొగ ఎన్నింటికి మొదలైంది, దీపం ఎప్పుడు ఆరింది అని చూసేది. ఒకరోజు తొమ్మిది దాటినా పొగ రాకపోతే కోటు వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. అప్పుడే పొగ లేచింది. కోటు విప్పి మళ్లీ కొయ్యకి తగిలించింది.

డెల్మర్ మెట్టు మీద కూర్చుని చిన్న గొడ్డలితో చెక్కలు చీలుస్తున్నాడు. ఆమె నీడ కాళ్ల మీద పడేదాకా తలెత్తలేదు.

"గొడ్డలి పట్టుకోవద్దని డాక్టరు చెప్పాడుగా," అంది ఆర్లిస్.

"చిన్న చెక్కలే."

"చిన్నవైనా."

ఆయన గొడ్డలి కింద పెట్టి లేచాడు. చిక్కిపోయాడు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా నిలబడింది. తలుపు తీసి పట్టుకున్నాడు, ఎవరో చుట్టం వచ్చినట్టు.

లోపల ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్చీ. కుర్చీ ఆమెకి జరిపి తను నిలబడ్డాడు. అత్తగారి పాత కర్టెన్లు ఉతికి కట్టాడు. ఉతకడం ఎప్పుడు నేర్చుకున్నాడో ఆమెకి తెలియదు.

"కౌంటీ అమ్మాయి టేపు పట్టుకుని తిరిగింది," అన్నాడు డెల్మర్. "ఎందుకని అడగలేదు."

ఆర్లిస్ చెప్పింది. అడుగుల లెక్కా, పర్మిటూ, యెర్ బండీ, నాలుగున్నర గంటా. చెబుతున్నంతసేపూ కాగితాన్ని ఒళ్లోనే పెట్టుకుంది.

"నేను కరెంటడిగింది చలికి," అన్నాడాయన. "నీ కొట్టం మూయించడానికి కాదు."

"నేనలా అన్లేదు."

"అనుకున్నావు."

"అనుకున్నాను," అంది ఆర్లిస్.

పొయ్యిలో చెక్క ఒకటి చిటపటలాడింది. డెల్మర్ వంగి పొయ్యి తలుపు మూసి అలాగే, ఆమె వైపు వీపు పెట్టి నిలబడిపోయాడు.

"ముందు ఏది ఎక్కింది?" అన్నాడు.

"ఏంటి?"

"లారీ. మన ఆవుల్లో ముందేది ఎక్కింది?"

ఆర్లిస్ ఆవుల్ని అమ్మింది ఫిబ్రవరిలో, ఆయనకి గుండె కోసి ఆస్పత్రిలో పడుకోబెట్టినప్పుడు. ఇంటికొచ్చి ఖాళీ కొట్టం చూసిన రోజు కూడా ఆయన ఏమీ అడగలేదు. ఎనిమిది నెలల తర్వాత ఇప్పుడు అడుగుతున్నాడు.

"మేబెల్," అంది. "తర్వాత దాని కూతురు. తర్వాతవన్నీ వరసగా ఎక్కేశాయి. బెర్నిస్ ఎక్కలేదు."

"ఎక్కదు. దానికి లారీ ఎక్కే బల్ల చప్పుడంటే భయం."

"లారీ మనిషి కర్ర తీశాడు. వద్దన్నాను. దాణా బకెట్ పట్టుకుని నేనే ముందు ఎక్కి పిలిచాను. నన్ను చూసి వచ్చేసింది డెల్." ఆమె ఆగింది. "బకెట్లో దాణా కూడా లేదు. ఖాళీ బకెట్టే."

ఆయన భుజాలు ఒకసారి పైకి లేచి దిగాయి.

"నన్ను అడగాల్సింది."

"నీ గొంతులో గొట్టం ఉంది."

"తీసేదాకా ఆగాల్సింది."

"ఎలా ఆగను? తెల్లవారి నాలుగింటికి యాభై రెండు ఆవులకి నేనొక్కదాన్నే. అయ్యాక అరవై మైళ్లు నీ దగ్గరికి. మళ్లీ సాయంత్రం పాలకి వెనక్కి. పదకొండు రోజులు చేశాను. పన్నెండో రోజు కొట్టంలో గడ్డి మీద కూర్చుంటే లేవలేకపోయాను. అవి అరుస్తున్నాయి. నేను వింటూ కూర్చున్నాను."

డెల్మర్ ఇటు తిరిగాడు. "ఇది నాకు చెప్పలేదు."

"నువ్వడగలేదు. వచ్చావు, ఖాళీ కొట్టం చూశావు, నా మొహం చూడటం మానేశావు."

ఆయన కిటికీ దగ్గరికెళ్లి యెర్ ట్రక్కు వైపు చూశాడు. అక్కడినుంచి కొట్టం ఎంత దగ్గరగా కనిపిస్తుందో ఆర్లిస్‌కి ఇప్పుడే తెలిసింది. వంటగది కిటికీ కూడా కనిపిస్తోంది. పళ్లెం పెట్టే బల్ల అంచు కూడా.

"నేనిక్కడ లేకపోతే ఈ కాగితం అక్కర్లేదుగా," అన్నాడు, అటే చూస్తూ. "ఇంటికొచ్చేస్తే సరిపోతుందిగా."

ఈ మాట కోసమే ఐదు వారాలు రాత్రిళ్లు వెనక తలుపు గడియ వెయ్యకుండా పడుకుంది ఆర్లిస్. ఇప్పుడు విన్నాక, కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"రావాలని ఉందా నీకు?"

ఆయన కర్టెన్ అంచు సర్దాడు.

"డెల్. అడిగినదానికి చెప్పు."

"ఆ అమ్మాయి పంట పాడైపోతుందంటున్నావుగా."

"యెర్ పంట కోసం వస్తానంటావా?"

గోడ మీద అత్తగారి గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఆర్లిస్ దాన్ని వంద దాకా లెక్కపెట్టినా ఆయన నోరు తెరవడని ఆమెకి తెలుసు. నలభై రెండేళ్ల కాపురంలో ఆమెకి బాగా తెలిసినది ఆయన మౌనమే.

కాగితాన్ని మంచం మీద పెట్టి, పైన కలం పెట్టింది.

"సంతకం పెట్టు," అంది. "అలా అయితే రావద్దు."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక సూటిగా చూడటం అదే మొదటిసారి. తర్వాత మంచం అంచున కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటి లైను నుంచీ చదివాడు. చాలాసేపు చదివాడు. ఒకచోట కలం ఆగింది, కదిలింది. సంతకం పెట్టి కాగితం అందించాడు.

ఆర్లిస్ చదవకుండానే మడిచి కోటు జేబులో పెట్టుకుంది. గుమ్మం దిగుతుంటే "మెట్టు కదుల్తుంది, చూసుకో," అన్నాడు వెనకనుంచి. ఆమె చూసుకుని దిగింది.

*

ఇరవై అయిదు మైళ్లు. దారి మధ్యలో మొక్కజొన్న కోతయంత్రం ఒకటి అడ్డంపడి రోడ్డంతా ఆక్రమించి నడిచింది. కౌంటీ ఆఫీసులో అడుగుపెట్టేసరికి గోడ మీద గడియారం నాలుగూ పదమూడు చూపిస్తోంది.

టామ్రా కాగితం తీసుకుని పేజీ తిప్పింది. మొహం విప్పారింది. అంతలోనే నుదురు ముడిపడింది.

"సంతకం ఉంది, తేదీ ఉంది. ఈ గడి ఖాళీగా వదిలేశారండీ."

కాగితం తిప్పి చూపించింది. నివాసం అన్న మాట కింద రెండు గడులున్నాయి. ఒకదాని పక్కన తాత్కాలికం. ఇంకోదాని పక్కన శాశ్వతం. రెండూ ఖాళీ.

"ఇది లేకుండా తీసుకోవా?"

"తీసుకుంటే రేపు వాళ్లు నన్ను తిడతారు. ఫోన్ చేసి అడగండి, చాలు. మీరే టిక్కు పెట్టేయొచ్చు, భార్య కాబట్టి. కింద మీ సంతకం ఉంటే సరిపోతుంది."

"ఆయన ఫోన్ మా వంటగది సొరుగులో ఉంది," అంది ఆర్లిస్. రోజూ రాత్రి దాన్ని ఛార్జింగ్‌కి పెడుతున్న సంగతి మాత్రం చెప్పలేదు.

యెర్‌కి ఫోన్ చేస్తే పరిగెత్తి అడిగొస్తుంది. నిమిషం పని. 'అంకుల్, మీరు ఇంటికి తిరిగొస్తారా రారా అని ఆంటీ అడుగుతోంది.' యెర్ గొంతులో ఆ మాట విన్నట్టే అయింది ఆమెకి. ఫోన్ మళ్లీ సంచిలో పడేసింది.

"తాత్కాలికం అంటే ఏం చెయ్యాలి?"

"పక్కన తేదీ వెయ్యాలి. ఎప్పటికల్లా ఖాళీ చేసి వెళ్లిపోతారో ఆ తేదీ."

"ఏ తేదీ?"

"మీకు తెలిసిందే ఏదో ఒకటి. నెలా, రెండు నెలలా..." టామ్రా మాట మధ్యలో ఆపేసింది.

ఆర్లిస్ కలం పట్టుకుని ఆ గీత వైపు చూసింది. అంగుళం పొడవు గీత. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ అనుకుంది. క్రిస్మస్ అనుకుంది. ఆయనకి రావాలని ఉందా అని అడిగింది కూడా తనే, ఈ మధ్యాహ్నమే. జవాబివ్వకుండా కిటికీకేసి చూస్తూ నిలబడ్డ మనిషి తరఫున ఏ తేదీ వేస్తుంది?

వెనక ఎవరో తలుపులకి తాళాలు వేస్తున్న చప్పుడు మొదలైంది.

"అయినా మూడు వారాల్లో కోతలైపోతాయి," అంది టామ్రా మెల్లగా. "ఊరికే ఒక తేదీ వేసెయ్యండి, ఆర్లిస్ గారూ. ఎవరూ చూడరు."

"నేను చూస్తాను కదమ్మా," అంది ఆర్లిస్.

రెండో గడిలో టిక్కు పెట్టింది. కింద సంతకం చేసింది. టామ్రా ముద్ర కొట్టి, ఇక ఆ ఇంటికి వేరే నంబరు వస్తుందనీ, రోడ్డు వాళ్లొచ్చి పలక పాతుతారనీ చెప్పింది. ఆర్లిస్ సరేనంది. కారు తాళం చెవి ఎక్కడ పెట్టిందో గుర్తు రాక చాలాసేపు సంచి వెతికింది. అది చేతిలోనే ఉంది.

*

ఆరున్నరకి యెర్ మోపులన్నీ కొట్టంలోకి చేరిపోయాయి. యెర్ అన్నదమ్ములిద్దరూ వచ్చారు. నిచ్చెనల మీద నిలబడి దూలాలకి కట్టారు. యెర్ ఆర్లిస్‌ని వాటేసుకుని, జిగురు చేతులని గుర్తొచ్చి వదిలేసింది. వాళ్లమ్మ పంపిన బంక అన్నం, మిరపకాయ పచ్చడి గిన్నె బల్ల మీద పెట్టి, రెండో ట్రిప్పుకి వెళ్లిపోయింది.

ఇల్లు మళ్లీ నిశ్శబ్దమైంది. ఆర్లిస్ సూపు పొయ్యి మీద పెట్టింది. ఒక గిన్నె తీసింది. అలవాటుగా కిటికీ వైపు చూసింది.

చక్రాల ఇంటి గొట్టంలో పొగ లేదు.

అంతలో వెనక తలుపు ఎవరో తట్టారు. యెర్ అయితే తట్టదు, అరుస్తుంది. తీసి చూస్తే డెల్మర్. నలభై రెండేళ్లుగా తోసుకుని వచ్చిన తలుపు తట్టి, టోపీ చేత్తో పట్టుకుని, ఒక మెట్టు కింద నిలబడ్డాడు.

"బండిలో పంట దిగిందా?" అన్నాడు.

"దిగింది."

"బూజు పట్టలేదుగా?"

"లేదు. సమయానికే ఎక్కించాం."

ఆయన తలూపాడు. డ్రయ్యర్ల హోరు వింటున్నట్టు కాసేపు కొట్టం వైపు చూశాడు.

"ఆ కాగితంలో ఒక గడి వదిలేశాను," అన్నాడు. "తీసుకుందా ఆ అమ్మాయి?"

"తీసుకుంది."

"ఖాళీగానే?"

"లేదు. నేను నింపాను."

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు నింపుతావని... నీకెలా కావాలంటే అలా నింపుతావనే వదిలేశాను. నోటితో అడగడం నాకు రాదు, ఆర్లిస్. నీకు తెలుసుగా." ఆగాడు. "ఏ తేదీ వేశావు?"

పొయ్యి మీద సూపు పొంగి మంట మీద పడింది. ఆమె అటు తిరగలేదు.

"తేదీ వెయ్యలేదు," అంది. "శాశ్వతం అని పెట్టాను."

ఆయన కదల్లేదు. ముఖం చీకట్లో ఉంది. ఇంటిలోంచి పడుతున్న వెలుగు ఆయన నడుము దాకానే ఉంది. ఆ వెలుగులో, టోపీ లేని రెండో చేతిలో, మడిచిన దుప్పటీ బట్టల సంచీ ఉండటం ఆర్లిస్ అప్పుడు చూసింది.